రఘునాథపల్లి నుంచి ఆరు స్పందనలు

ఒక తెలుగు దినపత్రికకు వరంగల్ బ్యూరో ఇన్‌చార్జిగా నా ఉద్యోగంలో అది ఆఖరి ఏడాది. మృగశిర వెళ్లింది, రైతులు పత్తి గింజలు పెడుతున్నారు. ఒక ఉదయం ఢిల్లీ నుంచి నాలుగు లైన్ల ఏజెన్సీ వార్త వచ్చింది. విదేశాంగ శాఖలో కార్యదర్శిగా రిజ్వానా అనే అధికారిని నియమించారని దాని సారాంశం. ఆమెది రఘునాథపల్లి అని కాసేపటికే ఎవరో ఫోన్ చేసి చెప్పారు. ఆ నియామకం మీద 'జన స్పందన' పేజీ చేయించే పని నాకు అప్పగించారు. ఆ పేజీ వారంలో రెండుసార్లు చేయాల్సి వచ్చింది. మొదటిది అచ్చయింది. రెండోది నేను ఆపాను. ఇది ఆ రెండో పేజీ కథ.

పత్రిక పని తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. వార్త రాసి పంపేది బ్యూరో. దాన్ని దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో కూర్చేది డెస్క్. మండలానికొక విలేకరి ఉంటాడు. అతను జీతం మీద పనిచేసే ఉద్యోగి కాదు, కంట్రిబ్యూటర్ అంటారు. అతను రాసింది, మా భాషలో కాపీ, బ్యూరోకు వస్తుంది. బ్యూరో ఇన్‌చార్జి చూసి సరే అంటేనే డెస్క్‌కు పోతుంది. ఆ 'సరే'ను మేం టిక్ అనేవాళ్లం. కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ మాట పోలేదు. డెస్క్‌కు పెద్ద ఎడిషన్ ఇన్‌చార్జి. మా ఎడిషన్ ఇన్‌చార్జి మూర్తి గారు. హోదాలో నాకంటే ఒక మెట్టు పైన. శీర్షికలు బాగా పెడతాడని పేరు. అసలు వార్త కంటే ముందే శీర్షిక పెట్టడం ఆయన అలవాటు.

స్పందన పేజీ చేయడం చాలా సులువు. ఆరుగురి ఫోటోలు, ఒక్కొక్కరి కింద మూడు నాలుగు వాక్యాలు. ఒక రాజకీయ నాయకుడు, ఒక మహిళ, ఒక విద్యార్థి, ఒక వ్యాపారి, ఒక రైతు, ఒక ఉద్యోగి. బడ్జెట్ వచ్చినా, క్రికెట్ గెలిచినా, గ్యాస్ ధర పెరిగినా ఇదే అచ్చు. దీనికి ఎవరూ కష్టపడరు. కష్టపడని పనిలోనే తప్పులు జరుగుతాయని నాకు తెలుసు. అయినా ఆ పేజీలు నేనూ ఏళ్ల తరబడి పంపాను.

మొదటి రోజు ఊరంతా సంబరం. రఘునాథపల్లి హైవే పక్కన మధ్యాహ్నానికల్లా ఒక ఫ్లెక్సీ లేచింది. పెట్టించింది మాజీ ఎంపీటీసీ కొమురయ్య. అందులో రిజ్వానా బొమ్మ అరచేయంత, కొమురయ్య బొమ్మ నిలువెత్తు. 'మన ఊరి ఆడబిడ్డ విదేశాంగ మంత్రి అయిన సందర్భంగా' అని రాయించాడు. మంత్రి కాదు, కార్యదర్శి అని మా మండల విలేకరి ఉప్పలయ్య చెబితే, "మంత్రో కార్యదర్శో, మన బిడ్డనే గదనే!" అన్నాడట.

కార్యదర్శుల్లోనూ తేడా ఉంది. ఆ శాఖ అధికారులందరికీ పైన విదేశాంగ కార్యదర్శి ఒకరే ఉంటారు. ఆ కింద పనులు పంచుకునే కార్యదర్శులు మరికొందరు. రిజ్వానాది ఆ రెండో వరుస. అది చిన్న పదవేం కాదు. దేశదేశాల రాయబార కార్యాలయాల్లో ముప్పై ఏళ్లు పనిచేస్తే తప్ప దక్కదు. పొరుగు దేశాలతో జరిగే చర్చలకు మన వైపు నుంచి కూర్చునే వాళ్లలో ఆమె ఒకరు. నేను ఈ తేడా రాసి పంపితే మూర్తి గారు దాన్ని తీసేసి 'విదేశాంగ కార్యదర్శిగా మన రిజ్వానా' అని పెట్టాడు. ఫోన్ చేసి అడిగితే, "అంత లోతు పాఠకుడికి అక్కర్లేదండీ" అన్నాడు. అచ్చులో తప్పే వచ్చింది. సంబరంలో తప్పు ఎవరికీ కనబడదు కనుక ఎవరూ అడగలేదు.

ఆమె అన్న యాకూబ్‌కు రఘునాథపల్లి సెంటర్‌లో మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. బోరు మోటార్లు కాలిపోతే లోపలి రాగి తీగ విప్పి మళ్లీ చుట్టి ఇస్తారు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. తల్లిదండ్రులు లేరు. ఢిల్లీలో ఉన్న చెల్లెలికి ఊళ్లో మిగిలిన సొంత మనిషి ఆయనే. మొదటి రోజు మా ఉప్పలయ్య వెళ్లి స్పందన అడిగితే ఆయన పని ఆపకుండానే చెప్పాడట. "సంతోషమే నాయినా. కష్టపడ్డది, అయింది. గింజలు పెట్టే టైమిది, రైతులు కూసున్నరు, జర జల్ది రాస్కో." ఆ రోజు వచ్చిన ఆరు స్పందనల్లో మనిషి మాటలా ఉన్నది అదొక్కటే.

ఆ వారం తిరగకముందే ఫోన్లలో ఒక ఫోటో తిరగడం మొదలైంది. కొన్నేళ్ల కిందటిది. అందులో రిజ్వానా పొరుగు దేశపు అధికారి ఒకాయనతో చేయి కలిపి నిలబడి ఉంది. ఇద్దరూ నవ్వుతున్నారు. ఆ దేశంతో మనకు అప్పుడు మాటలు చెడి ఉన్నాయి. ఫోటో కింద ఎవరో రాశారు: 'శత్రువుతో చేయి కలిపిన ఈమె చేతికా మన దేశ రహస్యాలు?' దాని కింద ఆమె మతం గురించి ఇంకో రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలు నేను ఇక్కడ రాయను. వాటికి తోడు యాకూబ్ దుకాణం బోర్డు ఫోటో, దాని మీద ఫోన్ నంబరు.

నేను చేసిన మొదటి పని ఆ ఫోటో ఎక్కడిదో వెతకడం. పెద్ద పరిశోధన ఏమీ కాదు. విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లోనే ఉంది, వాళ్లే విడుదల చేసిన ఫోటో. ఇరు దేశాల జైళ్లలో ఉన్న మత్స్యకారులను విడిపించుకునే చర్చలు ముగిసినప్పుడు తీసింది. ఫోటో కింద ఆ మాట స్పష్టంగా రాసి ఉంది. మన వైపు చర్చలు జరిపింది ఆమె. వాళ్ల వైపు జరిపింది ఆయన. ముగిశాక చేయి కలిపారు. అది ఆ ఉద్యోగంలో భాగం. స్నేహితులతో చేయి కలపడానికి ఏ ప్రభుత్వమూ జీతమిచ్చి మనిషిని పెట్టుకోదు. పడనివాళ్లతో కూర్చుని మాట్లాడటానికే రాయబారులు ఉన్నారు. ఇది తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పొలం గట్టు తగాదా తెంపడానికి అటువైపు ఇంటికి పెద్దమనిషిని పంపే ప్రతి ఊరికీ తెలుసు.

మధ్యాహ్నం మూర్తి గారు ఫోన్ చేశాడు. "సదానందం గారూ, రఘునాథపల్లి నుంచి అర్జంటుగా ఆరు స్పందనలు కావాలి. 'భగ్గుమన్న రఘునాథపల్లి' అని పెట్టాను."

"భగ్గుమన్నదా లేదా చూసి చెప్తాను" అన్నాను.

"చూసేదేముందండీ? మొన్న ఆనందం వేశాం, ఇవాళ ఆగ్రహం వేయాలి. బ్యాలెన్స్ ఉండాలి కదా! మిగతా పత్రికలన్నీ చేస్తున్నాయి."

ఫోటో ఎక్కడిదో చెప్పాను. ఆయన అది విని, "మనం జనం మాట వేస్తాం, తీర్పు చెప్పం" అని పెట్టేశాడు. నేను ఉప్పలయ్యకు ఫోన్ చేద్దామనుకునేలోపే అతని కాపీ వచ్చేసింది. నన్ను దాటి డెస్క్ వాళ్లు పొద్దున్నే నేరుగా అతనికే చెప్పారు. ఆరుగురు, ఆరు ఫోటోలు. చూడగానే ముఖాలు గుర్తుపట్టాను. ముగ్గురు మొదటి పేజీలో ఆనందం వ్యక్తం చేసినవాళ్లే. కొమురయ్య అందులో మొదటివాడు. మొన్న 'మా ఊరి మట్టి గొప్పతనం' అన్నవాడు ఇవాళ 'మా ఊరికి మచ్చ' అన్నాడు.

నాలుగో ఫోటోలో యాకమ్మ అనే మహిళా రైతు. ఆమె అన్నట్టు రాసిన మాటలివి: 'దేశానికి ద్రోహం తలపెట్టిన వారిని ఉపేక్షించరాదు. తక్షణమే ఈ నియామకాన్ని రద్దు చేయాలి.'

ముప్పై ఏళ్లకు పైగా జనం మాటలు విని రాసినవాణ్ని. రఘునాథపల్లిలో పత్తి పెట్టే ఆడమనిషి నోట 'ఉపేక్షించరాదు' అనే మాట రాదు. ఆ మాట మా డెస్క్‌లో పుడుతుంది, మా విలేకరుల వేళ్ల చివర పుడుతుంది. నాకు ఒళ్లు మండింది. టిక్ పెట్టకుండా కాపీని అలాగే ఉంచి, సుబేదారిలోని మా ఆఫీసు నుంచి బయటపడి హైదరాబాద్ పోయే బస్సెక్కాను. బ్యూరో ఇన్‌చార్జి మండల విలేకరి కాపీని సరిచూడటానికి స్వయంగా పోవడం రివాజు కాదు. ఫోన్‌లో అడిగితే చాలు. కానీ ఫోన్‌లో అడిగితే ఉప్పలయ్య ఏం చెబుతాడో నాకు తెలుసు.

దిగగానే ఫ్లెక్సీ కనబడింది. పీకేయలేదు. రిజ్వానా బొమ్మ ఉన్న ముక్కను మాత్రం కోసేశారు. కొమురయ్య బొమ్మ అలాగే చేతులు జోడించి హైవేకు నమస్కారం పెడుతూ ఉంది. అసలు కొమురయ్య దాని ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతున్నాడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"రా సదానందమన్నా. చూసినవు గదా ఎంత మోసమో! దేశం పరువు తీసింది."

"ఏం చేసింది?" అన్నాను.

"ఫోటో చూడలేదా? చెయ్యి కలిపింది."

"ఎవరితో?"

"ఆళ్లతోనే."

"ఆయన పేరేంది? ఏ పని మీద కలిసిండ్రు?"

కొమురయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గదంత నాకేం ఎర్క? అందరు అంటాండ్రు."

మత్స్యకారుల సంగతి చెప్పాను. నా ఫోన్‌లో వెబ్‌సైట్ తీసి చూపించాను. చదివాడు. చదువు వచ్చిన మనిషే. చదివి ఫోన్ నా చేతికిచ్చి, "అయితే ఏందన్నా? నేను ఇయ్యాల వెనుకకు తగ్గితె నన్ను గూడ గా లెక్కల్నే కడతరు. నాకు మల్ల ఎలచ్చన్లు ఉన్నయ్. నా మాట నువ్వు రాసుకో" అన్నాడు.

అజ్ఞానం మీద నాకంత కోపం రాదు. కొమురయ్యది అజ్ఞానం కాదు. నిజం తెలిశాక కూడా అబద్ధాన్నే రాసుకోమన్నాడు. ఆ మనిషి మీద కోపం నాకు ఆ రోజే కాదు, ఇవాళ కూడా ఉంది.

యాకమ్మ కోసం అడిగితే ఎరువుల దుకాణం ముందు యూరియా లైన్‌లో ఉందన్నారు. లైన్ రోడ్డు దాకా వచ్చింది. ఎండకు నిలబడలేక కొందరు చెప్పులు వరసలో పెట్టి పక్కన నీడకు కూర్చున్నారు. ఆమె మాత్రం నిలబడే ఉంది. కాపీలో ఉన్నది ఆమె ఫోటోయే. పేపర్ మనిషినని చెప్పి, ఆమె పేరు మీద వచ్చిన మాటలు చదివి వినిపించాను. మధ్యలోనే ఆపింది.

"ఆగాగు. గివి ఎవల మాటలు?"

"నీవేనట. ఉప్పలయ్య రాసి పంపిండు."

"నేనెప్పుడన్న? పొద్దుగాల ఉప్పలయ్య వచ్చి ఫోటో దీస్తాంటె, యూరియా దొర్కుతలేదని పేపర్ల ఏస్తడేమో అనుకున్న. మంచిగ నిలబడి దిగిన గూడ. రిజ్వాన ముచ్చట నన్ను ఎవలు అడిగిండ్రు?"

లైన్‌లో ముందూ వెనుకా ఉన్నవాళ్లు తిరిగి చూశారు. యాకమ్మ గొంతు పెరిగింది. "మా మోటర్ కాలిపోతె మొన్ననే యాకూబన్న దగ్గర ఏసినం. రేపు నా ఫోటో కింద గీ మాట వస్తె ఆయన మొకం నేనెట్ల సూడాలె? ఆ రిజ్వాన నాకంటె రెండు క్లాసులు పెద్దది సారూ. బళ్లె నా తలకాయకు జడేసిన పిల్ల." ఆమె చెప్పులు విప్పి తన చోట పెట్టింది. "నడువు. ఆయన ముంగటనే జెప్త."

ఒట్టి కాళ్లతో నాకంటే ముందు నడిచింది.

యాకూబ్ దుకాణం ముందు ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఇద్దరు మనుషులు ఒక మోటారును ఎత్తి అందులో పెడుతున్నారు. తీగ సగం చుట్టి ఉంది, కొసలు వేలాడుతున్నాయి. ఆ ఇద్దరూ తల ఎత్తలేదు. లోపల అప్పటికే నాలుగైదు మోటార్లు పెట్టే చోటు ఖాళీగా కనబడింది. గింజలు పెట్టే రోజుల్లో ఆ దుకాణంలో కాలు పెట్టే సందు ఉండదని ఉప్పలయ్యే ఒకసారి నాతో అన్నాడు.

యాకూబ్ స్టూలు మీద కూర్చుని ఫోన్ చెవికి పెట్టుకుని ఉన్నాడు. అవతలి గొంతు మాకు వినబడుతోంది. మాటలు వినబడకపోయినా తిట్లని తెలుస్తోంది. ఆయన చివరిదాకా విని, "అయిపోయిందా? ఇగ నీ పేరు జెప్పు. మీ నాయిన పేరు జెప్పు. ఏ ఊరు?" అన్నాడు. అవతల ఫోన్ పెట్టేశారు. వెంటనే మళ్లీ మోగింది. ఆయన మళ్లీ ఎత్తాడు. మళ్లీ అదే ప్రశ్న. ఏ ఒక్కడూ పేరు చెప్పలేదు.

"ఫోన్ బంద్ చెయ్యరాదన్నా" అంది యాకమ్మ.

"రిజ్వాన గూడ గదే అన్నది. ఎందుకు బంద్ జేస్త? దుకాణం నంబరిది. మోటర్ కాలిన రైతు ఫోన్ జేస్తె ఎవలు ఎత్తాలె? నేను తప్పు జేసిన్నా బంద్ జేసుకునెతందుకు?"

యాకమ్మ తన సంగతి చెప్పింది. తను ఏమీ అనలేదని, తన మోటారు ఇక్కడే ఉంటుందని, ఎవరైనా వచ్చి తీసుకుపోతామంటే ఇవ్వొద్దని చెప్పింది. ఆయన తలూపాడు. ఆమె పక్కన నిలబడ్డ నన్ను చూసి ఎవరని అడిగాడు. చెప్పాను. ఇక్కడ మా వృత్తి నియమం ఒకటి చెప్పాలి. ఒక మనిషి మీద ఆరోపణ అచ్చు వేసే ముందు అతని వైపు మాట కూడా అడగాలి. ఆ నియమం మంచిది. ఆ ప్రకారమే అడిగాను, ఈ ప్రచారం మీద మీ స్పందన ఏమిటని.

యాకూబ్ లేచి నిలబడ్డాడు. అంతదాకా ఫోన్‌లో ఎవరి మీదా పెంచని గొంతు నా మీద పెంచాడు.

"స్పందననా? మొన్న మీరే వచ్చి మన బిడ్డ అన్నరు. ఇయ్యాల మీరే వచ్చి స్పందన ఏంది అంటాండ్రు. ముప్పై ఏండ్లు నా చెల్లె ఏ దేశంల ఉన్నది, ఏం పని జేసింది, ఒక్కనాడన్న వచ్చి అడిగిండ్రా? ఎర్క లేకుంటనే మెచ్చుకుంటిరి, ఎర్క లేకుంటనే తిడుతాండ్రు. నా స్పందన రాస్కో సారూ. బయటికి నడువు."

నేను బయటికి నడిచాను. ఆయన అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు.

రోడ్డు మీద ఉప్పలయ్య ఎదురొచ్చాడు. నేను వచ్చానని తెలిసి పరిగెత్తుకొచ్చాడు. యాకమ్మ అతన్ని చూడగానే అందరి ముందూ పట్టుకుంది. ఆమె అన్న మాటలు పత్రికలో అచ్చు వేయదగినవి కావు, కానీ వాటిలో ఒక్కటి కూడా పుస్తకాల మాట లేదు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె లైన్‌లో తన చోటు పోతుందని వెళ్లిపోయాక నాతో అన్నాడు.

"సార్, డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. గంటల ఆరు కావాల్నన్నరు. ఏమేం అనాల్నో ఆళ్లే చెప్పిండ్రు. అందరు గదే అంటాండ్రు గదా, ఎవల పేరు మీద ఏస్తె ఏంది అనుకున్న."

"అందరు అంటాండ్రని నీకెట్ల తెలుసు? ఎంతమందిని అడిగినవు?"

 మిగతా నలుగురి సంగతి అడిగాను. డిగ్రీ విద్యార్థి, ఒక ఉద్యోగి అన్న మాటలు నిజంగానే వాళ్లు అన్నవి. ఫోటో చూసి కోపం వచ్చిందన్నారట. వ్యాపారిని అడిగితే 'మీరే ఏదో ఒకటి రాసుకోండి' అన్నాడట. ఆటో డ్రైవర్‌ను అసలు అడగలేదు. ఆరుగురిలో తన మాట తాను అన్నవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురిలో అసలు సంగతి తెలిసి అన్నవాడు ఒక్కడూ లేడు. నేను చెప్పాక తెలిసినవాడు కొమురయ్య ఒక్కడే. అతనికి ఆ తెలివి అక్కర్లేకపోయింది.

తిరిగి ఆఫీసుకు చేరేసరికి పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. జిల్లా పేజీలు ముందుగానే ముగించాలి కనుక టైం తక్కువ. కూర్చుని రాశాను. ఫోటో ఎప్పటిది, ఏ చర్చలప్పటిది, ఎవరు విడుదల చేశారు అన్నది ముందు. యాకూబ్ దుకాణానికి వస్తున్న ఫోన్ల సంగతి తర్వాత. రైతులు మోటార్లు తీసుకుపోవడం, యాకమ్మ తీసుకుపోనని చెప్పడం ఆమె మాటల్లోనే. విదేశాంగ శాఖకు ఫోన్ చేసి రిజ్వానా వివరణ అడిగితే వ్యక్తిగత విషయాలపై అధికారులు మాట్లాడరన్నారు. అది కూడా రాశాను. ఒక్క విశేషణం కూడా వాడలేదు. నా కోపం అందులో కనబడకూడదనుకున్నాను, కనబడలేదు.

మూర్తి గారు చదివి ఫోన్ చేశాడు. "ఇది స్పందన కాదండీ. ఇది వివరణ. నాకు ఆరు ఫోటోలు కావాలి. వచ్చిన కాపీకి టిక్ పెట్టండి."

"ఆరింటిలో మూడు కల్పితం. టిక్ పెట్టను."

"ఆ మూడూ తీసేసి వేరే మూడు తెప్పించండి."

"మిగతా మూడు కూడా తెలియక అన్నవే. అవీ పంపను. నేను రాసింది వేయండి, లేకపోతే జిల్లా నుంచి ఏమీ వేయకండి."

 ఆయన గొంతు తగ్గించి, ఏడాదిలో రిటైర్ కాబోతున్న మనిషికి ఇంత పట్టింపు ఎందుకన్నాడు. రిటైర్ కాబోతున్నాను కాబట్టే నేర్చుకున్న పని సరిగ్గా చేయాలని ఉందని చెప్పాను. ఇద్దరం గొంతు పెంచాం. ఆయన అన్నవీ నేను అన్నవీ ఇక్కడ అవసరం లేదు. టిక్ మాత్రం పెట్టలేదు.

తెల్లారి పేపర్ చూశాను. రఘునాథపల్లి నుంచి ఏమీ లేదు. నా వార్తా లేదు, ఆరుగురూ లేరు. ఆ చోటంతా 'నెటిజన్ల ఆగ్రహం' అని ఒక పెద్ద బాక్స్ వచ్చింది. ఫోన్లలో తిరుగుతున్న మాటల్లోంచి ఏరి పెట్టారు. పేర్లు లేవు, ఊర్లు లేవు. యాకూబ్ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేసిన గొంతులన్నిటికీ మా పత్రిక ఒక పేరు పెట్టింది, నెటిజన్ అని. నేను మూడు అబద్ధాలు ఆపితే, మూర్తి గారు ఎవరివో తెలియని పన్నెండు వేశాడు. ఆ ఉదయం నేను పేపర్‌ను రెండుగా చించాను. అంతకుముందెప్పుడూ ఆ పని చేయలేదు.

మా ఉద్యోగంలో ప్రతి ఉదయం ఒక పని ఉంటుంది. పోటీ పత్రికల్లో వచ్చి మనలో రాని వార్తలు చూసి సంజాయిషీ అడుగుతారు. దాన్ని 'మిస్సింగ్' అంటారు. మిగతా పత్రికల్లో రఘునాథపల్లి భగ్గుమంది కనుక, ఆ వార్త మిస్సయినందుకు నాకు మెమో వచ్చింది. జరగనిది మిస్ కావడం కుదరదని జవాబు రాశాను. నెల తిరగకుండా నన్ను బ్యూరో నుంచి తప్పించి వేరే ఎడిషన్ డెస్క్‌కు బదిలీ చేశారు. మిగిలిన ఉద్యోగమంతా అక్కడ పెళ్లి రోజులు, వర్ధంతుల ప్రకటనలు దిద్దుతూ గడిపాను. అచ్చుతప్పులు రానివ్వలేదు.

రిజ్వానా ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆమె కొత్త పదవిలో చేరారు. ఆ గొడవ గురించి ఆమె ఎక్కడా మాట్లాడలేదు. ఫోటోను పంచినవాళ్లకు రెండు వారాల్లో ఇంకో మనిషి దొరికాడు, ఇంకో ఫోటో దొరికింది.

యాకూబ్ దుకాణానికి మాత్రం ఆ వానాకాలం గిరాకీ పూర్తిగా దెబ్బతిన్నది. యాకమ్మ మోటారు తీసుకుపోలేదు, ఆమెను చూసి మరికొందరు ఆగారు. వెళ్లినవాళ్లలో చాలామంది యాసంగి పంటకు తిరిగొచ్చారు. వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు యాకూబ్ కాదనలేదు, కానీ అందరికంటే వెనుక నిలబెట్టాడు. "నడుమ పోయినోళ్లు నడుమల రావద్దు, ఎనుక నిలబడుండ్రి" అన్నాడట. కొమురయ్య మోటారు కాలినప్పుడు పాలేరుతో పంపితే, అతన్నే స్వయంగా తెచ్చుకోమని తిప్పి పంపాడు. కొమురయ్య రాలేదు. జనగామ తీసుకుపోయి చుట్టించుకున్నాడు. ఇప్పటికీ అక్కడికే తీసుకుపోతాడట. ఈ సంగతులు నాకు ఫోన్‌లో చెప్పింది ఉప్పలయ్య. అతను ఇంకా అదే మండలానికి విలేకరి. తీసేయమని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ సిఫారసు చేయలేదు. రాసిపెట్టమన్న వాళ్లను కుర్చీల్లో ఉంచి, రాసిచ్చినవాణ్ని పంపించేయడం న్యాయం కాదనుకున్నాను.

రిటైరయ్యాక ఒకటి రెండు కాలేజీల్లో జర్నలిజం పిల్లలకు పాఠాలు చెప్పమన్నారు. స్పందన పేజీ గురించి ఒక్క క్లాసు చెబుతాను. ఒక విషయం తెలిశాక మనిషి అన్న మాటే స్పందన. తెలియకముందు అన్నది ఎవరో అతని నోట్లో పెట్టిన మాట. దాని కింద పేరు, ఫోటో వేసి అచ్చు వేసే హక్కు మనకు లేదు. కనుక 'మీరేమంటారు' అని అడిగే ముందు 'దీని గురించి మీకేం తెలుసు' అని అడగాలి. అలా అడిగితే ఆరుగురు దొరకరు, పేజీ నిండదు కదా సార్ అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు. నిండదు. ఆ ఖాళీలో ప్రకటన వేసుకోమని చెబుతాను.